8 లక్షల బాకీ, కోర్టు కంటే ముందు మీడియేషన్‌కి వెళ్లాల్సిందేనా?

అట్టపెట్టెలు:
విజయవాడలో మాకు చిన్న కార్టన్ బాక్సుల యూనిట్ ఉందండి. హైదరాబాద్ పార్టీ ఒకరు 8 లక్షల 40 వేలు బాకీ, ఏడాది దాటింది. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా ఒక లోడులో పెట్టెలు తడిసి వచ్చాయి, ముందు ఆ నష్టం తేల్చండి అంటారు. దావా వేద్దామంటే మా లాయర్ గారు ముందు మీడియేషన్‌కి (మధ్యవర్తి దగ్గర కూర్చుని రాజీ ప్రయత్నం) అప్లై చేయాలి, లేకపోతే కేసు నిలవదు అన్నారు. నిజమేనా, లేక ఇదో కొత్త ఖర్చా? ఈలోపు టైమ్ దాటిపోతుందేమోనని టెన్షన్.

కోర్టుపక్షి:
ఆయన చెప్పింది నిజమే. 3 లక్షలు, ఆపైన ఉన్న వ్యాపార తగాదాకి కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ ప్రకారం దావాకి ముందు మీడియేషన్ తప్పనిసరి, అర్జెంటుగా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) లాంటిది కావాల్సి వస్తేనే మినహాయింపు. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, ఫీజు వెయ్యి. అవతలివాళ్లు వచ్చి కూర్చుంటే మీ మొత్తానికి మీడియేషన్ ఫీజు 15 వేలు, అదీ చెరిసగం. నోటీసులిచ్చినా రాకపోతే మీడియేషన్ మొదలే కాలేదని నాన్ స్టార్టర్ రిపోర్ట్ ఇస్తారు, అది పెట్టి దావా వేసుకోండి. గడువు 3 నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 2. ఆ రోజులు లిమిటేషన్ (దావా వేయడానికి ఉన్న గడువు) లెక్కలోకి రావు.

పాత అకౌంటెంట్:
ఆగండి, మీది తయారీ యూనిట్ కదా, సరుకు పంపేనాటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉందా? ఉంటే చిన్న పరిశ్రమల బాకీల తగాదాలు చూసే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వెళ్లండి. అక్కడా ముందు రాజీకే చూస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే వాదనలు విని అవార్డు అనే తీర్పు ఇస్తారు. కానీ గడువు దాటిన బాకీ మీద ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి 3 రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. అవార్డు వచ్చాక దాన్ని కొట్టేయించుకోవాలంటే అవతలివాళ్లు ఆ మొత్తంలో 75 శాతం ముందు కట్టాలి. ఈ రెండూ నోటీసులో రాసి పంపండి, ఫోన్ ఎత్తకపోతే అడగండి.

గుంటూరు మిర్చి:
ఎక్కడికెళ్లినా ఆ తడిసిన పెట్టెల లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఎంత వరకు తగ్గగలరో ఇంట్లోనే అనుకోండి, అక్కడ మాట్లాడింది రేపు కోర్టులో మీ మీద వాడలేరు కాబట్టి ధైర్యంగా బేరం ఆడొచ్చు. పెద్దమనుషుల దగ్గర ఒప్పుకుని ఇంటికెళ్లి మర్చిపోయేవాళ్లని మా వైపు బోలెడుమందిని చూశాం. 12ఏ మీడియేషన్‌లో సంతకం పెట్టిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుకున్నంత బలం, కట్టకపోతే నేరుగా ఎగ్జిక్యూషనే (కోర్టు ద్వారా వసూలు). అందుకని వాయిదాల తేదీలు, ఒక్కటి తప్పినా మొత్తం వడ్డీతో కట్టాలన్న షరతు, తగ్గించిన దానికి జీఎస్టీ క్రెడిట్ నోట్ ఎప్పుడిస్తారు, అన్నీ అందులోనే రాయించండి.

అట్టపెట్టెలు:
ఉద్యమ్ ముందు నుంచే ఉందండి. లారీ రసీదు మీద వాళ్ల స్టోర్స్ సంతకం కూడా ఉంది, తడిసినట్టు ఒక్క ముక్క రాయలేదు. కౌన్సిల్‌కి వెళ్తే మళ్లీ 12ఏ చేయాలా?

కోర్టుపక్షి:
అక్కర్లేదు, అది దావాలకే. ఇంకోటి, సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఎంఎస్ఎంఈ చట్టంలో డబ్బు కట్టాల్సిన గడువు లెక్క డెలివరీ రోజు నుంచే మొదలవుతుంది. వాళ్ల దగ్గర్నుంచి అప్పట్లో మెయిల్ గానీ వాట్సాప్ గానీ ఏమైనా వచ్చిందా, అది చూసి చెప్పండి ముందు.