పేజీ ఫాల్ట్‌ను 'పుట దోషం' అనవచ్చా?

అమీర్‌పేటలో ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాలు చెబుతుంటాను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లల కోసం ఎవరో తయారుచేసిన నోట్సులో 'పుట దోషం' అని కనిపించింది. పుటతో పేచీ లేదు, నా అభ్యంతరమంతా దోషం మీదే.

ప్రోగ్రాముకు కనిపించే మెమరీ చిరునామాలు ర్యామ్‌లోని అసలు చిరునామాలు కావు. అది 20,000వ చిరునామా అడిగిందనుకోండి. మెమరీని సమానమైన ముక్కలుగా చేస్తారు, ఒక్కో ముక్క ఒక పుట. పుటకు 4,096 బైట్ల లెక్కన ప్రాసెసర్ ఆ చిరునామాను విడగొడుతుంది: 4వ పుట, అందులో 3,616వ స్థానం (లెక్క సున్నాతో మొదలు). ఆ పుట ర్యామ్‌లో ఎక్కడుందో పుటల పట్టికలో చూస్తుంది. లేదని తేలితే ఆ ఆదేశాన్ని అక్కడికక్కడే ఆపి ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు పెడుతుంది. పేజీ ఫాల్ట్ అంటే ఇదే. అది డిస్కు నుంచి పుట తెచ్చి, పట్టిక సరిదిద్ది, అదే ఆదేశాన్ని మళ్లీ నడిపిస్తుంది. ప్రోగ్రాముకు ఈ సంగతే తెలియదు. ఇందులో దోషం ఎవరిది? తనది కాని చిరునామా జోలికి పోతే వచ్చే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వేరు. అప్పుడు సాధారణంగా ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగిపోతుంది. దోషమనే మాట దానికి అట్టిపెడదాం.

నిద్రలేమి ఉంది కదా, ఆ వరుసలో 'పుటలేమి' అంటే ఎలా ఉంటుంది?

— లేమి అనగానే పేదరికం స్ఫురిస్తుంది కదండీ, కలిమిలేములు అన్నట్టు. పుట డిస్కులో ఉండనే ఉందిగా?

— ఉంది, కానీ కావలసిన చోట లేదు. అయినా మీరన్న అర్థమూ వృథా పోదు. ర్యామ్ చాలనప్పుడు, ఇప్పుడే బయటికి పంపిన పుటనే మళ్లీ తెచ్చుకుంటూ, అసలు పని వదిలేసి ఆ చేరవేతతోనే సతమతమయ్యే స్థితి ఒకటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లో వ్యాసం రాసిన థ్రాషింగ్ అదే. మీరన్న లేమి అచ్చంగా అక్కడ కనిపిస్తుంది.

— 'పుటలేమి' నాకు నచ్చింది. అయితే పుట బదులు పత్రం అనకూడదా? తాళపత్రాలు మనకు కొత్త కాదు.

— పత్రానికి రెండు పుటలుంటాయి, లెక్క తప్పుతుంది. పుటల పద్ధతిని మొదట వాడిన 1962 నాటి మాంచెస్టర్ అట్లాస్ కంప్యూటర్‌లో పుటకు 512 పదాలు. ఆ పదాలు మన నిఘంటువువి కావు లెండి, ఒక్కొక్కటి 48 బిట్లు.

— మరి ర్యామ్‌కూ డిస్కుకూ మధ్య పుటలను మార్చుకునే స్వాప్‌కు ఏమందాం గురువుగారూ?

— స్వాపు. చివర ఉకారం చేరిస్తే చాలు.