పాట మధ్యలో కవిత మొదలెట్టగానే జనం ఫోన్లు తీస్తున్నారు, ఏం చేయాలి?

దరువుపిచ్చి: మేం ఐదుగురం, డప్పు, కంజీర, గిటార్‌తో ఊరూరా తిరుగుతూ జానపదాలు పాడి మధ్యలో కవితలు చెప్తాం, వరంగల్‌లో బానే నడిచింది గానీ నెక్స్ట్ హైదరాబాద్, లామకాన్ అనే కల్చరల్ సెంటర్‌లో అడుగుదామనుకుంటున్నాం. కవిత రాగానే జనం ఫోన్లలోకి పోతున్నారు భయ్యా.

పాతబస్తీపోరడు: పాట ఆపేసి కవిత చదువుతున్నరేమో, అక్కడనే పోతుంది. ఒగ్గుకథ జూడు, మాటలకెళ్లి పాట, పాటలకెళ్లి మాట వస్తది, డోలు ఊకె ఉండదు. బుర్రకథల గూడ పక్కన వంత పాడేటోళ్లిద్దరు మాట కలుపుతనే ఉంటరు గద. కాయితం జూసి మాత్రం చదవకుండ్రి.

చాయ్‌సమోసా: డప్పు కాపుకోడానికి మంట ఎక్కడ పెట్టాలో ముందే అడుగు, మాకోసారి ఒక హాల్లో వద్దన్నరు, తోలు వదులై షో అంతా తడిసిన అట్టలెక్క మోగింది.

దరువుపిచ్చి: అరె, మా కవి కాయితమే చూస్తాడు 😅