ముహూర్తం చీకట్లో ఫోకస్: ఆ మైనస్ ఈవీ అంకెలు చూసి కెమెరా కొనొచ్చా?

కొత్త_షూటర్
అన్నలూ, మూడేళ్ళుగా పెళ్ళిళ్ళకి సెకండ్ షూటర్‌గా వెళ్తున్నా, ఇప్పుడు సొంత కెమెరా బాడీ కొందామని. సోనీ ఏ7 ఫోర్, కెనాన్ ఆర్6 మార్క్ టూ, నికాన్ జెడ్6 త్రీ, ఈ మూడిటి మధ్య కొట్టుకుంటున్నా. మనకి సగం ముహూర్తాలు తెల్లారగట్లే కదా, అందుకే చీకట్లో ఫోకస్ ముఖ్యం. ఎంత చీకటి దాకా ఫోకస్ పడుద్దో స్పెక్స్‌లో ఈవీ (వెలుతురు కొలత) లెక్కలో చెప్తారుగా, చూస్తే సోనీ మైనస్ 4 ఈవీ, కెనాన్ మైనస్ 6.5, నికాన్ ఏకంగా మైనస్ 10. ఒక్కో ఈవీకి వెలుతురు సగం అవుద్ది కాబట్టి సోనీకీ నికాన్‌కీ 64 రెట్లు తేడా. ఇంక ఆలోచించేదేముంది, నికాన్ తీసేసుకోనా?

చీకటి_గది
ఆగు తమ్ముడూ. ఆ మూడూ ఒకే తక్కెట్లో తూచిన అంకెలు కావు. సోనీ చెప్పేది లెన్స్ ఎఫ్2 దగ్గర (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ లోపలికి అంత ఎక్కువ వెలుతురు), మిగతా ఇద్దరూ చెప్పేది ఎఫ్1.2 లెన్స్ పెట్టి. ఆ రెండిటి మధ్యే ఇంచుమించు ఒకటిన్నర స్టాప్, అంటే ఒకటిన్నర ఈవీ తేడా ఉంది. పైగా కింద చిన్నక్షరాల్లో కెనాన్ వాడు మధ్య పాయింట్, వన్ షాట్ అంటాడు, నికాన్ వాడు ఏఎఫ్-ఎస్ అంటాడు, రెండూ ఒకసారి ఫోకస్ పట్టి ఆపేసే పద్ధతే. పెళ్ళిలో మధ్య పాయింట్ పెట్టి ఒక్కొక్కటీ ఎవడు తీస్తాడు, అందరం ఫోకస్ ఆగకుండా మారే కంటిన్యూయస్‌లో పెట్టి, కళ్ళని వెంబడించే ఐ ట్రాకింగ్ మీద వదిలేసేవాళ్ళమే.

గోదారి_క్లిక్స్
అలా అని మొత్తం కొట్టిపారేస్తే ఎలా అండీ. అందరికీ ఎఫ్2.8 జూమే తగిలించారు అనుకుని లెక్కేయండి, సోనీ మైనస్ 3, కెనాన్ మైనస్ 4, నికాన్ మైనస్ 7.5 దగ్గరికొస్తాయి. అప్పుడైనా నికాన్ ముందే ఉందిగా!

చీకటి_గది
కాగితం మీద ముందే ఉంది, కాదన్లే. కానీ అంత చీకటి మనకెక్కడ తగుల్తది? షామియానా కింద నువ్వు 1/160, ఎఫ్2.8, ఐఎస్ఓ 6400 పెట్టి తీశావనుకో, అది 4 ఈవీ పైన. ప్లస్ 4, మైనస్ కాదు. పున్నమి వెన్నెలే మైనస్ 2, 3 దగ్గరుంటది, వెన్నెల్లో తాళి కట్టే పెళ్ళి నేనైతే చూళ్ళే.

మరి ఫోకస్ ఎందుకు తప్పుతది అంటే, నా సంగతే చెప్తా. జీలకర్ర బెల్లం టైము, అడ్డుతెర పట్టుకున్నరు, నేను పెళ్ళికొడుకు వెనక నిల్చొని ఐ ట్రాకింగ్ ఆన్ చేసిన. తెర మీద పసుపుతోటి పెద్ద స్వస్తిక్ ఉంది. సగం దించంగనే అమ్మాయి తలెత్తి చూసింది, టకటకా ఐదు ఫ్రేములు కొట్టిన. ఇంటికొచ్చి చూస్తే ఐదిట్లోనూ స్వస్తిక్ మీద పసుపు రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు, అమ్మాయి మొహం మాత్రం మసక. హాల్లో లైట్లు ధగధగా వెలుగుతున్నయ్ అప్పుడు. మైనస్ 10 ఉంటే ఏం చేసేది?

గోదారి_క్లిక్స్
హహ, తలంబ్రాలప్పుడు నాదీ అదే గోల, బియ్యం గింజల మీదకి దూకేస్తుంది. ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గించాక కుదురుకుంది, మధ్యలో ఏదైనా అడ్డొస్తే వెంటనే దాని మీదకి ఎగబడదు. మీరు చెప్పింది ఒప్పుకుంటా గానీ హోమం పొగలో, వెనక ఎల్ఈడీ వాల్ ఉన్నప్పుడు కొత్త బాడీలు పాతవాటికంటే బాగా పట్టుకుంటాయి, అది కళ్ళారా చూశా.

లెన్సు_అక్క
ఈవీ గొడవ సరే, ఎవరన్నా చేతి గురించి మాట్లాడతారా? బ్యాటరీ, కార్డుతో కలిపి ఏ7 ఫోర్ 658 గ్రాములు, ఆర్6 మార్క్ టూ 670, జెడ్6 త్రీ 760. వంద గ్రాములే కదా అనిపిస్తుంది, ప్రధానం దగ్గర మొదలెట్టి అప్పగింతల దాకా మెడకి తగిలించుకుంటే తెలుస్తుంది. నా చేతులు చిన్నవి, నాకు సోనీ గ్రిప్ సరిగ్గా సరిపోద్ది. మా ఆయన పట్టుకుంటే చిటికెన వేలు కింద గాల్లో వేలాడుతుంది, 70-200 జూమ్ లెన్స్ వేశాడంటే గంటకే మణికట్టు నొప్పి అని మూలుగుడు. ఆయనకి కెనాన్, నికాన్‌ల లోతు గ్రిప్పే సుఖం. కోఠి షాపులో అయినా సరే, నువ్వు వాడే లెన్సే తగిలించి, ఓ పది నిమిషాలు ఒంటి చేత్తో పట్టుకుని చూడకుండా కొనకు తమ్ముడూ.

ఇంకోటి, ఇది మూడు కెమెరాలకీ వర్తిస్తుంది. సెన్సార్ మీద ఫోకస్ పట్టే ఫేజ్ డిటెక్షన్ నిలువు గీతల్ని బాగా పడుతుంది, అచ్చంగా అడ్డ గీతలే ఉంటే తడబడుతుంది. పట్టుచీర అంచు క్లోజప్ తీసేటప్పుడు జరీ గీతలు అడ్డంగా ఉంటే ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. కెమెరాని కొంచెం ఏటవాలుగా తిప్పండి, టక్కున పడుతుంది.

కొత్త_షూటర్
అమ్మో, ఈ జరీ సంగతి తెలీక లెన్స్ పాడైందేమో అనుకున్నా అక్కా 😅 నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దమున్న కెమెరా) ఫ్లాష్ ఉంది, దాని ఎర్ర గీతల ఫోకస్ లైట్ పనికొస్తుందా?

గోదారి_క్లిక్స్
చాలా మిర్రర్‌లెస్‌లకి (అద్దం లేనివి, నువ్వు చూసే మూడూ అవే) రాదు, అది డీఎస్ఎల్ఆర్ ఫోకస్ సెన్సార్ కోసం చేసింది. బాడీకుండే లైటు కూడా సోనీలో కంటిన్యూయస్‌లో వెలగదు. వెలిగినా పెళ్ళికూతురి కళ్ళల్లో కొడితే పంతులుగారు ఊరుకోరు.

కొత్త_షూటర్
సరే, ఈ ఆదివారం లెన్స్ బ్యాగులో వేసుకెళ్ళి మూడూ పట్టుకుని చూస్తా. నికాన్ మీద మనసు పూర్తిగా పోలేదు గానీ మైనస్ 10 కోసమైతే కాదు. చీకటి_గది అన్నా, ఇంతకీ ఇప్పుడు తెర దగ్గర ఏం చేస్తున్నావ్, మాన్యువల్‌లో పెడతావా?

చీకటి_గది
మాన్యువల్ ఎందుకు, ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌కి ఇచ్చిన. తెర పట్టకముందే అమ్మాయి మొహం మీద ఫోకస్ పెట్టి బొటనవేలు తీసేస్త, తెర వచ్చినా ఫోకస్ కదలదు. పంతులుగారు సుముహూర్త సావధాన అని గొంతు పెంచుతరు చూడు, అప్పుడే రెడీగ ఉండాలె.