“న గణితవిధినాస్య శక్యతే జ్ఞాతుమ్”: కేతుచార శ్లోకానికి సరైన తాత్పర్యం ఏమిటి?

ప్రశ్న

దర్శనమస్తమయో వా న గణితవిధినాస్య శక్యతే జ్ఞాతుమ్ ।
దివ్యాంతరిక్షభౌమాస్త్రివిధాః స్యుః కేతవో యస్మాత్ ॥

వరాహమిహిరుడి బృహత్సంహితలో కేతుచారాధ్యాయంలోని ఈ శ్లోకానికి ఒకచోట “తోకచుక్క ఉదయించే వేళను, అస్తమించే వేళను గణితంతో తెలుసుకోలేము” అని తాత్పర్యం చదివాను. కళ్ళెదుట ఉన్న చుక్క ఏ వేళకు పొడుస్తుందో, ఏ వేళకు కుంగుతుందో చెప్పడం వరాహమిహిరుడంతటివాడికి చేతకాని పనా? పైగా హేలీ తోకచుక్క రాకను లెక్కగట్టి చెప్పిన తరవాత ఈ శ్లోకానికి ఇంకా విలువ ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు

మంచి ప్రశ్న అడిగారండీ. మీరు చదివిన తాత్పర్యంలోని “వేళ” అన్న మాట శ్లోకంలో ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

జ్యోతిషంలో అస్తమయానికి రెండు అర్థాలున్నాయి. రోజూ పడమట కుంగిపోవడం ఒకటి. సూర్యుడికి మరీ దగ్గరగా చేరి, ఆ వెలుగులో పడి కొన్నాళ్ళు కంటికి కనబడకుండా పోవడం రెండోది. ఈ రెండోదాన్నే మనం మౌఢ్యం అంటాం. “శుక్రమూఢమి వచ్చింది, ఇక పెళ్ళిళ్ళు లేవు” అని ప్రతి తెలుగింట్లోనూ వినే మాట అదే. మూఢం విడిచి గ్రహం మళ్ళీ కనబడటమే దర్శనం. పంచాంగకర్తలు శుక్రుడికి, గురువుకు ఈ తేదీలను ఏళ్ళ ముందే కట్టి ఇస్తారు. బృహత్సంహితలో కేతుచారం కంటే ముందు వచ్చేవి సూర్యుడు మొదలు శని దాకా వరసగా గ్రహచారాలే. వాటి తరవాత పదకొండో అధ్యాయంలో కేతువు దగ్గరకు వచ్చి, “శుక్రుడికి చెప్పినట్టు దీనికి చెప్పలేం సుమా” అని ముందుగానే హెచ్చరిస్తున్నాడాయన. ఇక్కడి కేతువు రాహువుకు జోడీగా చెప్పే ఛాయాగ్రహం కాదు, శిఖ కలిగిన చుక్క. ముందు శ్లోకంలో శిఖిచారం అనే అన్నాడు.

కాబట్టి తాత్పర్యం ఇలా ఉండాలి: “ఇది ఎప్పుడు కనబడుతుందో, ఎప్పుడు కనుమరుగవుతుందో గణితపద్ధతితో తెలుసుకోవడం సాధ్యం కాదు. ఎందుకంటే కేతువులు దివ్యాలనీ, ఆంతరిక్షాలనీ, భౌమాలనీ మూడు విధాలు.”

చివర ఉన్న “యస్మాత్” (ఎందుకంటే) అన్న మాటను చాలామంది దాటేస్తారు. నాకు ఈ శ్లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన పదం అదే. చేతగాదని ఊరుకోకుండా ఎందుకు చేతగాదో కారణం చెబుతున్నాడు. నక్షత్రలోకంలో ఉన్నదీ, గాలిలో మెరిసేదీ, నేల మీద వెలిగేదీ కేతువన్న ఒకే పేరుతో కలిసిపోయి ఉంటే ఏ లెక్క కడతాం? తరవాతి శ్లోకంలో కేతువంటే ఏమిటో కూడా చెప్పాడు. అగ్ని లేనిచోట అగ్నిరూపం కనబడితే అది కేతువట. మిణుగురులు, మణులు, రత్నాలు, పిశాచాల నెలవులు మినహా! మిణుగురును మినహాయించాలని తోచిన చూపు సామాన్యమైనది కాదు. తోకచుక్కలో నిజంగానే మంట లేదు. దాని ధూళి సూర్యకాంతిని వెదజల్లుతుంది, దాని వాయువులు సూర్యకాంతిని పీల్చుకుని తమ రంగులో వెలుగుతాయి.

ఆ మూడింటినీ విడదీయడానికి వెయ్యేళ్ళు పట్టింది. 1577లో వచ్చిన తోకచుక్క చంద్రుడికి చాలా అవతల ఉందని ఖగోళశాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ కొలతలతో తేల్చాడు. అంటే అది దివ్యం. ఇక దానికి గణితం పనికొస్తుంది. 1531, 1607, 1682లలో వచ్చినది ఒకే తోకచుక్క అని, 1758 చివరికి మళ్ళీ వస్తుందని హేలీ అన్నాడు. గురు, శని గ్రహాల లాగుడు వల్ల అది ఆలస్యమవుతుందని ఫ్రాన్సులో క్లెరో, లలాండ్, నికోల్ రేన్ లెపోత్ నెలల తరబడి చేత్తో లెక్కగట్టారు. ఆలస్యం మొత్తం 618 రోజులని తేలింది, అందులో గురుడి వాటాయే 518. సూర్యుడికి అతి సమీపంగా వచ్చేది 1759 ఏప్రిల్ నడుమ, ఓ నెల అటూ ఇటూ కావచ్చు అన్నారు. అది మార్చి 13న వచ్చింది. హేలీ 1742లోనే చనిపోయాడు, చూడలేకపోయాడు. ఆ ముగ్గురి లెక్క తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

స్పందన

అయితే శ్లోకం చెల్లిపోయినట్టే కదండీ? ఇంకో సందేహం. పూర్వాచార్యుడు పరాశరుడు కొన్ని కేతువులకు ఇన్నేళ్ళకొకసారి అని లెక్కలు చెప్పాడని, బృహత్సంహితకు భట్టోత్పలుడు రాసిన వ్యాఖ్యలో ఉందంటారు. మరి గణితానికి అందదని వరాహమిహిరుడు ఎలా అన్నాడు?

జవాబు

ఉందండీ. కానీ “ఇన్నేళ్ళకు” అనడం వేరు, గణితవిధి వేరు. వచ్చిన కేతువు స్థానాలను రాత్రి రాత్రికీ కొలిచి, కక్ష్య కట్టి, తరవాతి రాకను తేదీతో చెప్పి, వచ్చాక సరిచూసుకోవడం గణితవిధి. గర్గ, పరాశర, అసితదేవలుల రచనలు చూసే ఈ అధ్యాయం రాస్తున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అవన్నీ చదివిన తరవాతే లెక్కకు అందదు అన్నాడు. నా దృష్టిలో అది నిజాయితీ.

చెల్లిపోయిందా అంటే సగమే. శ్లోకంలో ఉన్న మాట “దర్శనం”. కక్ష్య తెలిస్తే చుక్క ఎక్కడుంటుందో తెలుస్తుంది. కంటికి కనబడుతుందా అన్నది మరో ప్రశ్న. 1986 ఫిబ్రవరి 9న హేలీ తోకచుక్క సూర్యుడికి అతి సమీపంగా వచ్చింది. ఆనాడు భూమి సూర్యుడికి ఇవతల, అది అవతల. మన పరిభాషలో చెప్పాలంటే సరిగ్గా అస్తమయంలో, నిండు మౌఢ్యంలో ఉంది! ఇది ముందే తెలుసు. కానీ ఎంత వెలుగుతుందన్నది అంత నమ్మకంగా చెప్పలేం. రాతిముద్ద లాంటి గ్రహశకలమైతే సూర్యుడికి దూరం సగమైనప్పుడు నాలుగు రెట్లు వెలుగుతుంది. తోకచుక్కలో మంచు ఆవిరై ధూళిని ఎగజిమ్ముతుంది కాబట్టి సగటున పదహారు రెట్లు అంటారు. అది సగటే. ఒక్కో తోకచుక్క ఒక్కో తీరు, ఒకే తోకచుక్క వచ్చేటప్పుడు ఒక తీరు, పోయేటప్పుడు మరో తీరు. ఈ ఆవిరి తన్నుడుకే హేలీ తోకచుక్క ప్రతిసారీ సుమారు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. అంటే లెక్కకందని గుణం కక్ష్యలోకి కూడా కాస్త చొరబడింది.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం హోమ్స్ తోకచుక్క. సుమారు ఏడేళ్ళకొకసారి సూర్యుణ్ణి చుట్టివస్తుంది, కక్ష్యలో దాపరికమేమీ లేదు. 2007 మేలో సూర్యుడికి దగ్గరగా వచ్చి, దూరమైపోతూ, 17వ మాగ్నిట్యూడ్‌కు మసకబారింది. మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగును చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ చుక్క మసకే. 17 అంటే పెద్ద దూరదర్శిని ఉంటే తప్ప అందదు. అక్టోబరు 24న రెండు రోజులైనా తిరగకుండా 3వ మాగ్నిట్యూడ్ దాటి, లక్షల రెట్లు వెలిగి, పర్సియస్ నక్షత్రమండలంలో మామూలు కంటికి కనబడింది! ఆ దర్శనాన్ని ఏ గణితం ముందు చెప్పింది? 1892లో దీన్ని కనుక్కున్నదీ ఇలాంటి విజృంభణలోనే.

స్పందన

మరి ఈ వెలుగును కొలిచేది ఎలా? నక్షత్రమైతే చుక్క, తోకచుక్క మబ్బుతునకలా ఉంటుంది కదా.

జవాబు

అందుకే 6వ మాగ్నిట్యూడ్ నక్షత్రం మంచి చీకట్లో కంటికి అందుతుంది గానీ, అదే అంకె ఉన్న తోకచుక్క అందకపోవచ్చు. వెలుగంతా పరుచుకుపోతుంది. పరిశీలకులు బైనాక్యులర్‌తో ముందు తోకచుక్క తలను స్పష్టంగా చూసి, దాని వెడల్పునూ సగటు వెలుగునూ మనసులో ముద్రించుకుంటారు. తరవాత మాగ్నిట్యూడ్ తెలిసిన పక్క నక్షత్రం వైపు తిప్పి, ఫోకస్ చెరిపి, ఆ చుక్కను అంతే వెడల్పైన మసక బిళ్ళగా చేస్తారు. రెండు బిళ్ళల్లో ఏది కాంతిమంతమో పోలుస్తారు. ఒక నక్షత్రం కాస్త ఎక్కువ, మరొకటి కాస్త తక్కువ అనిపించేదాకా వెతికి, ఆ రెంటి నడుమ అంకె వేస్తారు. తేదీ, సమయం, వాడిన కటకం వ్యాసం, తల వెడల్పు, పోల్చిన నక్షత్రాలు పక్కనే రాసుకోవాలి. తోకచుక్క కిందికి దిగి ఉంటే పోల్చే నక్షత్రాలు కూడా దాదాపు అంతే ఎత్తులో ఉండేలా చూసుకోండి. లేకపోతే దిగంతం దగ్గర గాలి మింగేసే కాంతి మీ అంకెను తారుమారు చేస్తుంది.