పసికందుల ఎముకలు: చంపారా, పోయారా?

పాతరాయి: రోమన్ కాలపు పిల్లల గురించి ఇక్కడ బొమ్మలు, చెప్పులు అని మురిసిపోతున్నారు. ఇంగ్లండ్‌లో హాంబుల్డెన్ దగ్గర ఆ కాలపు పెద్ద బంగళా ఒకటి 1912లో తవ్వితే 97 మంది పసికందుల ఎముకలు దొరికాయి. దాని ఊసెత్తరేం? పుట్టగానే చంపేశారనే నేనంటాను.

మౌనిక77: పొద్దున్నే ఇదా...

కృష్ణాతీరం: పసిబిడ్డ పోతే ఇంటి దగ్గరే పూడ్చడం వాళ్లలో ఉండేదండీ. పళ్లు రాని బిడ్డని దహనం చేయరని ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు, మన దగ్గరా పూడుస్తారుగా. ఎముకలు దొరికితే హత్యేనా?

పాతరాయి: ఎముకలు కొలిస్తే ఎక్కువమంది సరిగ్గా నెలలు నిండిన వయసు దగ్గరే ఉన్నారు. జబ్బులతో పోతే ఒకరు నెలకి, ఒకరు మూడు నెలలకి, అలా చెదురుగా ఉండాలి కదా.

ఎక్కాలమాస్టారు: కొలిచింది 97 మందిని కాదు, 35 మందిని.

పాతరాయి: అయితే?

ఎక్కాలమాస్టారు: అయితే ఏమీ లేదు, 97 అనకండి.

కృష్ణాతీరం: కాస్త పెద్దయి పోయినవాళ్లని వేరేచోట పూడ్చి ఉంటే ఇంటి దగ్గర మిగిలేది పుట్టగానే పోయినవాళ్లేగా. ఇంగ్లండ్‌లోనే విందొలాండా అనే రోమన్ కోటలో, సైనికులుండే చోట, పసివాళ్ల తోలు చెప్పులు దొరికాయి, ఆడుకునే చెక్క కత్తి దొరికింది. పిల్లల సమాధుల్లో పాలు పట్టే మట్టి పాత్రలు పెట్టారు. అక్కర్లేని బిడ్డకి ఎవరైనా పాలపాత్ర పెడతారా?

పాతరాయి: ఇజ్రాయెల్‌లోని ఆష్కెలాన్‌లో రోమన్ స్నానశాల కింద మురుగుకాలవలో వంద మంది దాకా దొరికారు, అదీ ఆచారమేనా? క్రీ.పూ. 1లో హిలారియన్ అనేవాడు అలెగ్జాండ్రియా నుంచి పెళ్లానికి ఉత్తరం రాశాడు: మగపిల్లాడైతే ఉంచు, ఆడపిల్లయితే పారేయి. ఇంకేం కావాలి మీకు?

ఎక్కాలమాస్టారు: ఆష్కెలాన్‌లో డీఎన్ఏ తేలిన 19 మందిలో 14 మంది మగపిల్లలే.

కృష్ణాతీరం: మురుగుకాలవనీ ఇంటి పెరడునీ ఒకటే గాటన కట్టకండి, ఒళ్లు మండుతోంది! నాకంటే ముందు మా అమ్మకి పుట్టిన పాప రెండో రోజే పోయింది. పేరు లేదు, కర్మ లేదు, పొలం గట్టున పూడ్చారు. రేపెవరో తవ్వి, ఆడపిల్ల కదా, చంపేసుంటారు అని రాస్తారు. బతికున్నన్నాళ్లూ మా అమ్మ ఆ గట్టెక్కలేదు.

పాతరాయి: మా నాయనమ్మ మంత్రసాని. చివరి రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొన్ని చెప్పింది, అవి ఇక్కడ రాయలేను. ఆ తల్లులూ ఏడ్చారట. ఏడ్చారు కాబట్టి చంపలేదంటే నేను వినలేను.

కృష్ణాతీరం: ఇది ముందే చెప్పుంటే ప్లినీ జోలికి పోయేదాన్ని కాదండీ. హాంబుల్డెన్ సంగతి మాత్రం ఒప్పుకోను.