అప్‌డేట్: వర్డిల్ జవాబు టెర్మినల్‌లోకే వస్తోంది

బ్రౌజరు తెరవకుండా ఆ రోజు వర్డిల్ (రోజుకొక ఐదక్షరాల ఇంగ్లీషు మాటను ఊహించే ఆన్‌లైన్ ఆట) జవాబును టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) రాబట్టడం ఎలాగని అడిగింది నేనే. వెబ్ నుంచి ఫైళ్లు తెచ్చే కర్ల్ కమాండుతో ఆనాటి తేదీ పేరుతో ఉండే జేసన్ ఫైలును (పేరు-విలువ జతలుగా రాసిన డేటా ఫైలును) తెచ్చుకుని, అందులోని ‘సొల్యూషన్’ విలువను జేసన్‌ను చదివే జేక్యూ అనే పనిముట్టుతో విడదీయమన్న రాజోలు అన్నగారి సలహా పనిచేసింది; జేక్యూకు ‘మైనస్ ఆర్’ (-r) ఆప్షను జోడిస్తే జవాబు చుట్టూ ఉండే కొటేషన్ గుర్తులు కూడా పోతాయి. 2022లో న్యూయార్క్ టైమ్స్ ఈ ఆటను కొనకముందు ఈ శ్రమే ఉండేది కాదు, జవాబులన్నీ పేజీ జావాస్క్రిప్టు కోడులోనే ఉండేవి.

చిక్కంతా తేదీతోనే వచ్చింది. ఈ కమాండ్ల స్క్రిప్టును నడిపే అద్దె సర్వరు యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది కనుక, ఇక్కడ అమలాపురంలో కొబ్బరి దింపు కార్మికులు తోటలకు బయలుదేరే వేళకు, అంటే ఉదయం 5.30 కాకముందు, స్క్రిప్టు నిన్నటి మాటనే ఇచ్చేది. తేదీనిచ్చే డేట్ కమాండుకు ముందు టీజెడ్ (టైమ్ జోన్) విలువను ఏషియా/కోల్‌కతాగా పెట్టాక సరిపోయింది. మా చెల్లెలు ఆట ముగించేదాకా జవాబును తెర మీద చూపకుండా ఫైల్లోకి పంపుతున్నాను.