అలిపిరి మెట్లెక్కాక నాకే ఎందుకిన్ని నొప్పులు?

మొన్న నేనూ మా ఆవిడా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాం. గాలిగోపురం దాకా పోటీలా నేనే ముందు పరుగెత్తాను లెండి, ఆ తర్వాత ఆవిడ ఆగకుండా వెళ్లిపోయింది, నేను మాత్రం ఎక్కడికక్కడ కూలబడ్డా. రెండు రోజులైనా తొడలు పట్టేసి మంచం దిగలేకపోతున్నా. ఆడవాళ్లకి నొప్పులు రావా?

జవాబు: వస్తాయండీ. కాకపోతే ఒక మోస్తరు బలంతో ఎక్కువసేపు చేసే పనిలో ఆడవాళ్ల కండరాలు సగటున నిదానంగా అలుస్తాయి, త్వరగా అలవని రకం పోగుల వాటా వాళ్లలో ఎక్కువ. బలమంతా పెట్టి చేసే పనిలో ఆ తేడా తగ్గుతుంది.

ఇంకో జవాబు: నడిచే దిగారా? అసలు నొప్పి దిగడంవల్లే, కండరం సాగుతూ బరువు ఆపాలి కదా. 24 నుంచి 72 గంటల్లో బాగా ముదిరి తర్వాత తగ్గుతుంది. మెల్లగా నడుస్తుండండి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి.

అడిగినవారు: నడిచే దిగామండీ. బస్సెక్కుదామని ఆవిడ మొత్తుకుంది, వినలేదు.